తాతయ్య కాలిక్యులేటర్‌కు ఛార్జర్ తగిలించకు

చిరంజీవి తల్లికి చిన్నతాతయ్య ఆశీస్సులు.

మీ తాతయ్య బీరువాలో ఇన్నేళ్ళుగా పడి ఉన్న హెచ్‌పీ-25 కాలిక్యులేటర్‌ను వచ్చే ఆదివారం బయటికి తీసి, పనిచేస్తుందో లేదో చూడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఇంతకాలానికి దాన్ని అడిగిన మనిషివి నువ్వే కాబట్టి నాకు చాలా గర్వంగా అనిపించింది. కానీ ఆ పెట్టెలోనే దాని ఛార్జర్ కూడా ఉందన్న సంగతి గుర్తుకొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు తొందర మనిషివి, ఆ విషయంలో అచ్చం మా అన్నయ్యవే. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా ఏ మీటనూ నొక్కకుండా, పగటి వెలుతురులో దాన్ని అన్ని వైపులా చూడు. పగుళ్ళు ఉన్నాయా, మీటలు పైకీ కిందికీ కదులుతున్నాయా, పక్కకు జరిపే స్విచ్చులు బిగుసుకుపోయాయా అన్నది చూస్తే చాలు. తరువాత బ్యాటరీ అర తెరువు. అందులోని రెండు నికెల్-కాడ్మియం సెల్లులు ఈపాటికి కారిపోయి ఉంటాయి, తెల్లటి పొడి, లోహపు రేకుల మీద నీలం కలిసిన ఆకుపచ్చ చిలుము కనబడతాయి. వట్టి చేతులతో ముట్టుకోకు, తొడుగులు వేసుకో. కారినది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, లోపల ఉన్న కాడ్మియం విషం. ఆ సెల్లులను చెత్తబుట్టలో వేయకుండా విడిగా పొట్లం కట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వు. క్షారం కాబట్టి, వెనిగర్‌లో ముంచి పిండిన ఇయర్‌బడ్‌తో రేకులను తుడిస్తే చిలుము వదులుతుంది. ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. అది కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు అమ్మే దుకాణాలలో దొరుకుతుంది.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి చెబుతాను.

నేను ఉద్యోగం చేసే రోజులలో మా విభాగంలో చాలా తెలివైన యువకుడు ఒకడు ఉండేవాడు, ఏ మీటరు చెడిపోయినా అతని చేతిలో పడితే బాగుపడేది. ఒకనాడు ఒక లెక్కల మాస్టారు తన హెచ్‌పీ-25 పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. అమెరికాలో ఉన్న బంధువు పంపిన వస్తువు అది. 1975లో 195 డాలర్లు పలికిన యంత్రం, మన దగ్గర ఆ రోజులలో చాలామంది ఇంజనీర్లు ఇంకా స్లైడ్ రూలుతోనూ లాగరిథమ్ పట్టికలతోనూ కుస్తీ పడుతున్న కాలం. సెల్లులు చచ్చిపోయాయని గమనించిన మా కుర్రవాడు వాటిని తీసి పక్కన పెట్టి, సెల్లులు లేకపోతేనేం, కరెంటుతో నడుస్తుంది కదా అని ఛార్జర్ తగిలించాడు. ఎర్రటి అంకెలు ఒక్కసారి వెలిగాయి. తరువాత అర్థం లేని గీతలు కొన్ని కనబడ్డాయి. ఆ తరువాత ఇంకేమీ లేదు, ఆ యంత్రం మళ్ళీ ఎన్నడూ వెలగలేదు. మాస్టారు ఒక్క మాట కూడా అనకుండా దాన్ని రుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఎందుకలా జరిగిందో నీకు అర్థం కావాలి. ఆ నమూనాలో బ్యాటరీ పని శక్తినివ్వడంతో ముగియదు. ఛార్జర్ నుంచి వచ్చే వోల్టేజీని సుమారు 2.5 వోల్టుల దగ్గర అదుపు చేసేది కూడా ఆ రెండు సెల్లులే. అవి లేకపోతే, చెరువు గట్టు తెగినట్టు మొత్తం వోల్టేజీ లోపలి చిప్పుల మీద పడుతుంది, ఆ చిప్పులు ఇప్పుడు కొత్తవి దొరకవు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, సెల్లులు ఉన్నా సరే, రేకులకు చిలుము పట్టి కనెక్షన్ సరిగా అందకపోతే ఫలితం అదే. హెచ్‌పీ-21, హెచ్‌పీ-27 వంటి ఆ కుటుంబంలోని యంత్రాలన్నిటికీ ఇదే బలహీనత ఉంది. అందువల్ల ఆ ఛార్జర్‌ను అసలు ముట్టుకోవద్దు, వీలైతే వేరే గదిలో పెట్టు. ఈ కాలపు నికెల్-మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్లులు రెండింటిని బయట ఛార్జ్ చేసుకుని, ధన ఋణ గుర్తులు రెండుసార్లు సరిచూసి లోపల పెట్టు.

అంతా బాగుంటే స్విచ్చు వేయగానే 0.00 కనబడుతుంది. కనబడినంత మాత్రాన సంతోషపడిపోకు, వెలిగే యంత్రాలన్నీ సరిగా లెక్కించవు. 1972లో 395 డాలర్లకు వచ్చిన హెచ్‌పీ-35 తొలి యంత్రాలలో 2.02కు సహజ లాగరిథమ్ తీసి, దాన్ని మళ్ళీ ఘాతంగా మారిస్తే 2.02కు బదులు 2 అని వచ్చేది. నువ్వు 8ని పదిసార్లు నొక్కి, ప్రతి అంకెలోని గీతలన్నీ వెలుగుతున్నాయా చూడు. దీనికి సమానం గుర్తు మీట ఉండదు, కంగారు పడకు: 2, ఎంటర్, 3, ఆపైన కూడిక నొక్కితే 5 వస్తుంది. 30 డిగ్రీల సైన్ 0.5 రావాలి. 2కు వర్గమూలం తీసి, దాన్ని వర్గం చేస్తే దశాంశాలన్నీ చూపించినప్పుడు 2కు బదులు 1.999 అంటూ తొమ్మిదుల వరుస రావచ్చు. అది దోషం కాదు, పది అంకెల వరకే పట్టుకోగల యంత్రం స్వభావం అది. ప్రోగ్రాం 49 మెట్ల వరకూ రాయవచ్చు గానీ, స్విచ్చు ఆపగానే అది చెరిగిపోతుంది. తాతయ్య కాలువ లెవెళ్ళ లెక్కల ప్రోగ్రాంను అందుకే ఒక నోటుపుస్తకంలో రాసుకుని, ప్రతి ఉదయం మళ్ళీ ఎక్కించుకునేవాడు. ఆ పుస్తకం కూడా ఆ బీరువాలోనే ఉండాలి, వెతుకు.

వెలగకపోతే విప్పాలనిపిస్తుంది. నేను వచ్చేదాకా ఆగు తల్లీ. వేసవిలో మన హైదరాబాదు గాలి ఎంత పొడిగా ఉంటుందో నీకు తెలుసు, నైలాన్ దుస్తులు వేసుకుని లోపలి చిప్పును తాకితే ఒంటిమీది స్థిర విద్యుత్తు చాలు దాన్ని చంపడానికి. నిన్ను కోప్పడుతున్నానని అనుకోకు. నీ చేతుల మీద నాకు నమ్మకం ఉంది, చిన్నప్పుడు నా రేడియో విప్పి, ఒక్క మర కూడా మిగలకుండా బిగించిన చేతులే అవి.

వెనుకవైపు ఉన్న క్రమసంఖ్యలో మొదటి రెండు అంకెలకు 1960 కలిపితే తయారైన సంవత్సరం, తరువాతి రెండు అంకెలు వారం. 1549 అని ఉంటే 1975లో 49వ వారం అన్నమాట. అన్నయ్య దాన్ని మీ నాన్న పుట్టిన ఏడాదిదే అనేవాడు, మా వదిన కాదనేది. ఆ నాలుగు అంకెలు చూసి నాకు రాసి పంపు.

ఇట్లు,
నీ చిన్నతాతయ్య