సందేహాలు – సమాధానాలు: ‘చెప్పేశాడు’, ‘తెలిసిపోయింది’

సందేహం: ఊహాలోకంలో జరిగే ఒక పెద్ద నవల మొదటి భాగం చదివి ఏళ్లయింది. రెండో భాగం కోసం పాలకొల్లులో మా స్నేహితులం పదిమందిమి కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాం. పుస్తకం వచ్చాక అందరం ఒకేసారి చదవలేం. ముందు చదివినవాళ్లు కథ బయటపెట్టకుండా మా గ్రూపులో ఒక హెచ్చరిక రాసుకోవాలనుకుంటున్నాం. ‘స్పాయిలర్’కు సరైన తెలుగు మాట ఏది? సీక్వెల్‌ను తరువాయి అనాలా, ఉత్తరభాగం అనాలా? ‘రెండో భాగాన్ని ఎదురు చూస్తున్నాం’ అని మాలో ఒకరు రాశారు. అది ఒప్పేనా?

సమాధానం: ‘స్పాయిలర్’ అనే వాడుకోండి, తప్పేమీ లేదు. తెలుగు మాటే కావాలంటే, నిఘంటువులో దాని కోసం నామవాచకం వెతకకండి. ఆ భావాన్ని తెలుగు క్రియలో పెట్టుకుంది. ‘కథ చెప్పు’ అంటే పిల్లలు అడిగే మాట. ‘కథ చెప్పేయకు’ అంటే మీరడుగుతున్న మాట. ఈ రెంటికీ తేడా అంతా చివర చేరిన ‘వేయు’లో ఉంది. చెప్పి వేయు, చెప్పేయు; మన గోదావరి వైపు నోట ‘చెప్పేత్తాను’. పని పూర్తయింది, ఇక వెనక్కి తీసుకోలేం అనే అర్థం ‘వేయు’ ఇస్తుంది. ఆ పని చేయకుండా ఉండాల్సింది అన్న నొప్పి కూడా చాలాసార్లు అందులోనే పలుకుతుంది. ఇక విన్నవాడి వైపు నుంచి చూడండి. వాడు ‘తెలుసుకున్నాను’ అనడు, ‘తెలిసిపోయింది’ అంటాడు. తన ప్రమేయం లేకుండా జరిగిందని ‘పోవు’ చెబుతుంది. ఒకడు చెప్పేశాడు, ఇంకొకడికి తెలిసిపోయింది. స్పాయిలర్ అంటే ఈ రెండు క్రియలే. కాబట్టి హెచ్చరికకు ‘కథ తెలిసిపోతుంది’ అన్న మాట చాలు.

శీర్షికలో పెట్టుకోవడానికి నామవాచకం తప్పనిసరైతే, నా ఓటు ‘చెడగొట్టు కబురు’కు. ఇంగ్లీషు మాటను తిరగేసినట్టు కనిపిస్తుంది గాని, ‘చెడగొట్టు వాన’ డెల్టాలో అందరికీ తెలిసిన మాట. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల వేళ, కోసిన పనలు చేలో ఉండగా కురిసే వాన అది. అదే వాన జూన్‌లో పడితే సార్వా, అంటే తొలి పంట, నారుమళ్లకు పనికొస్తుంది. కథ ముగింపు కూడా పుస్తకం చదివాక వింటే ఇష్టంగా చర్చించుకుంటాం, ముందు వింటేనే చెడగొట్టు. ‘గుట్టు రట్టు’ ఇక్కడ కుదరదు. అది ఎవరో దాచిన తప్పు బయటపడటం. ‘రసభంగం’ మంచి మాటే, కాని అది కలిగిన ఫలితానికి పేరు, కలిగించిన కబురుకు కాదు.

మాట ఎంచుకున్నంత మాత్రాన కథ దాగదు. పేర్లు తీసేసి రాస్తే చాలనుకుంటారు చాలామంది. తెలుగులో అది చాలదు, క్రియ చివరి ప్రత్యయమే చాడీ చెబుతుంది. ‘చివర్లో ఒక ముఖ్యపాత్ర విషయం చదివి ఏడ్చాను, అలా చచ్చిపోతాడనుకోలేదు’ అని రాశారనుకోండి. పేరు లేదు. కాని ‘పోతాడు’లోని ‘డు’ పోయింది మగవాడని చెప్పేసింది. ముఖ్యపాత్రల్లో మగవాళ్లు ఇద్దరే ఉంటే, ఇక దాచడానికి ఏం మిగిలింది? ‘చచ్చిపోతుంది’ అంటే కొంత నయం. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, జంతువుకూ, వస్తువుకూ ఒకటే క్రియ. రాణి కావచ్చు, గుర్రం కావచ్చు, రెక్కల పాము కావచ్చు. ‘చనిపోతారు’ అన్నిటికంటే క్షేమం. గౌరవమో బహువచనమో, ఆడో మగో తేలదు. అంకెలతోనూ ఇదే చిక్కు. ‘ఇద్దరు మిగిలారు’ అంటే మనుషులని తెలిసిపోతుంది. ‘ఒకడు’, ‘ఒకతె’, ‘ఒకటి’ మూడూ ఏదో ఒకటి బయటపెడతాయి. ‘ఒకరు’ మగా ఆడా తేల్చదు.

సర్వనామాల మర్యాద ఇంకా ప్రమాదం. మొదటి భాగమంతా ‘వాడు’ అని పిలిచిన పడవవాణ్ణి, రెండో భాగం చదివినవాళ్లు మాటల్లో ‘ఆయన’ అన్నారంటే, వాడు మారువేషంలోని రాజని వినేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఏ సర్వనామంతో మొదలుపెట్టారో, అందరూ చదవడం పూర్తయ్యేదాకా దాంతోనే ఉండండి.

చిన్న మాటలను కూడా కనిపెట్టి ఉండాలి. ‘మాంత్రికుడు కూడా’ అంటే అంతకుముందు ఇంకెవరో ఉన్నారని అర్థం. ‘మళ్లీ వస్తుంది’ అంటే ఒకసారి వెళ్లిందని. ‘అతనే’లోని ఏకారం ఒక్కటి చాలు అపరాధిని పట్టివ్వడానికి. ప్రశ్న అడిగితే ఏమీ చెప్పనట్టే అనుకోవద్దు. ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న, రెండోది 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. 21 నెలలకు పైగా జనం నోట నానింది ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?’ అన్న ప్రశ్న. అందులో ‘ఎందుకు’ ఒక్కటే తెలియనిది. ఎవరు, ఎవరిని, ఏం చేశారు అన్న మూడూ ప్రశ్నలోనే తేలిపోయాయి. మొదటి భాగం చూసినవారికి దానివల్ల నష్టం లేదు. చూడనివారికి మాత్రం ముగింపు మొత్తం అందులో ఉంది. అందుకని ప్రశ్నల్లో కూడా క్రియను ఆపి, ‘పదో అధ్యాయంలో జరిగినదానికి కారణం మీకు సరిపోయిందా?’ అని అడగండి.

ఇక హెచ్చరిక వాక్యం. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, ‘రెండో భాగంలో మాంత్రికుడు రాణికి తమ్ముడన్న సంగతి ఇంకా తెలియనివారు కిందిది చదవకండి’ అని రాస్తే, ‘చదవకండి’ దగ్గరకు వచ్చేసరికి అంతా చదివేసి ఉంటారు. క్రియను ముందుకు తెచ్చి, పొట్టి వాక్యాలుగా విరవండి: ‘ఆగండి. రెండో భాగం కథ తెలిసిపోతుంది. పన్నెండో అధ్యాయం పూర్తిచేసినవారు మాత్రమే చదవండి.’ ఇక్కడ ‘పన్నెండో అధ్యాయం దాకా’ అనకపోవడం గమనించండి. ‘దాకా’ అన్నా ‘వరకు’ అన్నా పన్నెండోది కలుస్తుందో లేదో తేలదు. కొందరు పదకొండు ముగించి లోపలికి వచ్చేస్తారు. ‘పూర్తిచేసినవారు’ అంటే ఆ సందు ఉండదు. హెచ్చరిక తరవాత నాలుగైదు ఖాళీ వరుసలు వదలండి, తెర మీద మొదటి ముక్క కనబడిపోకుండా.

సీక్వెల్ సంగతి. మొదటి కథ ముగియకుండా ఆగిపోయి ఉంటే ‘శేషం’, ‘తరువాయి’ తగినవి. మీ డెల్టా మొదలయ్యే చోటి దగ్గరే, రాజమహేంద్రవరంలో, నన్నయ 11వ శతాబ్దంలో భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం నడుమ ఆగాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. నడుమ మిగిలిన ముక్కను 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూర్తిచేస్తే, దాన్ని అరణ్యపర్వశేషం అన్నారు. అది సీక్వెల్ కాదు, విడిచిన చోట పూడిక. ఒక కథ ముగిశాక దాని తరవాతి కథ చెబితే అది ‘ఉత్తర’. రాముడి పట్టాభిషేకం తరవాతి కథను తిక్కన నిర్వచనోత్తర రామాయణంగా రాశాడు. మీ నవల మొదటి భాగం ఎక్కడ ఆగిందో నాకు తెలియదు గనుక తీర్పు మీదే. ఉత్కంఠలో నిలిపి ఆపితే తరువాయి, ముగించి ఆపితే ఉత్తరకథ. మామూలు మాటల్లో ‘రెండో భాగం’ రెంటికీ సరిపోతుంది. తొలి భాగం, మలి భాగం అన్న జంట కూడా చక్కగా ఉంటుంది, మూడోది వచ్చేదాకా.

చివరి ప్రశ్న. ‘రెండో భాగాన్ని ఎదురు చూస్తున్నాం’ నేటి వాడుకకు పొసగదు. ‘రెండో భాగం కోసం’ అనండి, ‘రాకకు’ అనండి. ‘ఎదురు’ అంటే మనకు అభిముఖంగా ఉన్న వైపు, ఎదురీత, ఎదురుగాలిలో ఉన్నదే. వచ్చేవాళ్లు ఏ వైపు నుంచి వస్తారో ఆ వైపు చూడటం ఎదురు చూడటం. వస్తువు ఇంకా రాలేదు కనుక చూపు దాని మీద ఆనదు, దారి మీద ఆనుతుంది, అందుకే ‘ని’ ఇక్కడ నిలవదు. నామవాచకమైతే ‘ఎదురుచూపు’ అని కలిపే రాయాలి. క్రియను కలిపినా విడదీసినా ఒప్పే. ఒకే రచనలో రెండు రకాలుగా మాత్రం రాయకండి.