రెండేళ్ళ మెక్సికోకి ఎంత స్పానిష్ కావాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మావారి ప్రాజెక్ట్ మీద గ్వాదలహారా వచ్చాం, ఆర్నెల్లు కావస్తోంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజూ స్పానిష్ నేర్చుకుంటున్నా, అందులో అన్నీ కరెక్టే వస్తాయి కానీ బయట కౌంటర్ దగ్గర నిలబడితే వాళ్ళు గడగడా మాట్లాడేస్తారు, ఒక్క ముక్క అర్థం కాదు. రెండో క్లాస్ చదివే మా బాబుని ఎక్కడికైనా వెంటబెట్టుకెళ్తున్నా, వాడే అన్నీ మాట్లాడిపెడుతున్నాడు. మేం ఉండేది ఇంకో రెండేళ్ళే. అసలు ఎంత వస్తే గడిచిపోతుంది?
— ఒక పాఠకురాలు, గ్వాదలహారా

జవాబు: చెల్లీ, రెండేళ్ళ కోసం భాషంతా నేర్చుకోనక్కర్లేదు, నువ్వు రోజూ వెళ్ళే నాలుగైదు చోట్ల ఏం మాట్లాడుకుంటారో అది మాత్రం పూర్తిగా రావాలి. యాప్ నీకు అడగడం నేర్పుతుంది, అవతలి వాళ్ళు తిరిగి ఏం అడుగుతారో నేర్పదు, నువ్వు ఆగిపోతున్నది అక్కడే. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ అమ్మాయి గడగడా అనేది రోజూ అవే మాటలమ్మా, అన్నీ దొరికాయా, పాయింట్స్ కార్డ్ ఉందా, చిల్లర రౌండ్ చేసి విరాళం వేస్తారా, క్యాషా కార్డా, అంతే. "దెసేయా రెదొందేయార్" అని వినపడిందంటే అది విరాళం సంగతి, ఇవ్వాలనుకుంటే "సీ", లేదంటే "నో, గ్రాసియాస్". ఈసారి లైన్లో ఫోన్ చూసుకోకుండా నీ ముందున్న వాళ్ళని ఏం అడుగుతున్నారో విను, కొన్నాళ్ళకి నీ వంతు వచ్చేసరికి ప్రశ్న ముందే తెలిసిపోతుంది.

తర్వాత అంకెలు, చదవడం కాదు, చెవికి పట్టాలి. "సెసెంతా" 60, "సెతెంతా" 70, "దోస్" 2, "దోసే" 12, వీటి దగ్గర అందరూ తడబడతారు. వారం వారం మీ వీధిలో పెట్టే సంత, అదే తియాంగిస్, అక్కడికెళ్ళి "క్వార్తో" అంటే పావు కిలో, "క్వాత్రో" అంటే నాలుగు, పావు కిలో మిర్చి అడగబోయి రెండోది అంటే నాలుగంటే నాలుగే కాయలు చేతిలో పెడతారు. రేటు అర్థం కాకపోతే ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి ఇవ్వు, వాళ్ళే నొక్కి చూపిస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

నన్నడిగితే ఆ సంతే నీకు మంచి బడి. అక్కడ "చయోతే" అని అమ్మేది మన బెంగళూరు వంకాయే, "చికోసపోతే" మన సపోటా, ఈ రెండిటికీ పుట్టిల్లు ఆ ప్రాంతమే. సెరానో అనే మిర్చి మన పచ్చిమిర్చికి బాగా దగ్గర. "హమైకా" అని ఎండబెట్టిన ఎర్ర పూరేకుల్లాంటివి కుప్పపోసి ఉంటాయి చూడు, వాళ్ళు నానబెట్టి షర్బత్ చేసుకుంటారు, అది మన ఎర్ర గోంగూర మొక్కకి కాసేదే, పచ్చడి నూరుకో, పులుపు అదిరిపోతుంది. తెలియని కూర కనపడితే "కోమో సే ప్రెపారా?" అని అడుగు, ఎలా వండాలో చేతులు తిప్పుతూ చెప్తారు, సగం అర్థమైనా కూర వండేసుకోవచ్చు. కాకపోతే ఎక్కడికెళ్ళినా ముందు "బుయెనోస్ దియాస్" అనాలి, మధ్యాహ్నం నుంచి "బుయెనాస్ తార్దెస్", పలకరించకుండా నేరుగా రేటు అడిగితే అక్కడ మొరటుగా ఉంటుంది. వినపడకపోతే "మాందే?" అను, మర్యాదైన మాట.

ఇంకోటి, ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవద్దు, తెలుగు మీదుగా నేర్చుకో, నిజంగా తేలిక. "మే గుస్తా ఎల్ కఫే" అంటే నాకు కాఫీ ఇష్టం, "మే దుయేలే లా కబేసా" అంటే నాకు తలనొప్పిగా ఉంది, మనలాగే "నాకు"తో మొదలు. క్రియ చివర చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది కాబట్టి నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది, పెద్దవాళ్ళతో, షాపుల్లో, ఆఫీసుల్లో "ఉస్తెద్" వాడు. త, ద మన లాగే పలుకుతారు, ఇంగ్లీషు ట, డ లాగా కాదు.

బాబు విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా, కూరల దగ్గరికి తీసుకెళ్ళు, డాక్టర్ దగ్గర వాడితో మాట్లాడించకు. అమ్మ ఒంట్లో ఏం బాగాలేదో చిన్నపిల్లాడు అడిగి చెప్పడం వాడికి బరువు, పైగా వాడు తప్పు చెప్తే నీకు తెలీదు. మందుల షాపు పక్కనే చిన్న గదిలో డాక్టర్ కూర్చుంటారు, ఫీజు తక్కువ, జ్వరానికీ దగ్గుకీ అక్కడ సరిపోతుంది. ఇంట్లోనే కాగితం మీద రాసుకెళ్ళు, ఏం నొప్పి, ఎన్నాళ్ళనుంచి, జ్వరం ఎంత, ఏ మందు పడదు, ఇప్పుడు ఏం వాడుతున్నావు. "కాదా ఓచో ఓరాస్" అంటే 8 గంటలకోసారి, ఎందుకైనా మంచిది, "మే లో పుయెదే ఎస్క్రిబీర్?" అని అడిగి రాయించుకో. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు. ఎమర్జెన్సీ నంబర్ 911, మీ ఇంటి అడ్రస్ స్పానిష్‌లో గడగడా చెప్పేలా ఈ వారమే బట్టీ పట్టు. ఆపరేషన్, ఇంటి అగ్రిమెంట్, ఇమిగ్రేషన్ లాంటి వాటికి కొంచెం స్పానిష్ పనికిరాదు, డబ్బులు పోయినా సరే భాష వచ్చిన పెద్దవాళ్ళని వెంటబెట్టుకెళ్ళు.

ప్రశ్న: వచ్చే నెల మెక్సికోలోని కెరెతరో వెళ్తున్నాం. మేం పూర్తి వెజిటేరియన్లం, గుడ్డు కూడా తినం. స్పానిష్ అసలు రాదు, హోటల్లో ఎలా చెప్పాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: "సిన్ కార్నే", అంటే మాంసం లేకుండా, అని ఊరుకోకండి, చాలామందికి అక్కడ "కార్నే" అంటే గొడ్డు మాంసం, పంది మాంసమే, చికెన్ వేసి తెచ్చేస్తారు. "సిన్ కార్నే, సిన్ పొయ్యో, సిన్ పెస్కాదో, సిన్ హమోన్, సిన్ వేవో" అని, అంటే మాంసం, చికెన్, చేప, హామ్, గుడ్డు ఏవీ లేకుండా అని, ఒక్కోటి పేరుపెట్టి చెప్పాలి. అన్నం చాలాచోట్ల చికెన్ నీళ్ళతో వండుతారు, రాజ్మాలాంటి ముద్దలో తరచుగా పంది కొవ్వు వేస్తారు, కాబట్టి "తియేనే కాల్దో దె పొయ్యో?" (చికెన్ నీళ్ళు ఉన్నాయా?), "తియేనే మాంతేకా?" (పంది కొవ్వు ఉందా?) అనే రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తోర్తియా అంటే వాళ్ళ రొట్టె, మొక్కజొన్నదాంట్లో మామూలుగా మొక్కజొన్న, నీళ్ళు, సున్నమే ఉంటాయి, మైదాదాంట్లో కొవ్వు కలుపుతారు. గుమ్మడి పూలు పెట్టిన కెసదియా (చీజ్ పెట్టి మడిచిన తోర్తియా), నాగజెముడు మట్టలతో చేసే నొపాలెస్ అడగండి, రెండూ బాగుంటాయి.