మదనపల్లెనా, తిరుపతా, కోయంబత్తూరా? ముందు వదినగారిని అడిగారా?

మీ ప్రశ్న మూడుసార్లు చదివాను అన్నయ్యా. వచ్చే ఏడాది రిటైర్మెంట్, బెంగళూరులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది, అది అమ్మేసి మదనపల్లె వెళ్ళాలా, తిరుపతి వెళ్ళాలా, లేక కోయంబత్తూరులో పెద్దవాళ్ళ కోసమే కట్టిన ఇళ్ళలో ఒకటి కొనుక్కోవాలా అని అడిగారు. మీ బీపీ గురించి రాశారు. పెన్షన్ ఎంతొస్తుందో రాశారు. ఎండ పడదని రాశారు, అబ్బాయి అమెరికాలో ఉన్నాడని రాశారు. వదినగారి గురించి మాత్రం ఒక్కటే ముక్క: "మా ఆవిడకు ఎక్కడైనా ఓకే."

ఆ ఓకే దగ్గర ఆగిపోయాను. 2022లో మా ఆయన కూడా అందరికీ అదే మాట చెప్పారు. నన్ను అడక్కుండానే.

మాది మదనపల్లెకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. అంటే ఆయనది. నాది పలమనేరు వైపు, కానీ పెళ్ళయ్యాక ఆడదానికి సొంతూరంటే మొగుడి ఊరే కదా, ఎవరు పెట్టారో ఈ లెక్క. ముప్పై మూడేళ్ళు బెంగళూరులో, కె.ఆర్.పురం దగ్గర కాపురం చేశాం. అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసి 2022 మే నెలాఖరున ఆయన రిటైరయ్యారు. జూన్ రెండో వారానికల్లా సామాను లారీ ఎక్కింది. పద్నాలుగు నెలలు ఉండి వచ్చాం. నా జవాబంతా ఆ పద్నాలుగు నెలల సర్వీసు మీదే.

ఊరిని తప్పు పట్టను. మదనపల్లె గాలి మంచిదే. ఎత్తుమీద ఉంటుంది, పక్కనే హార్సిలీ కొండ. టీబీకి మందులు లేని రోజుల్లో, 1915 ప్రాంతంలో, గాలి బాగుందనే ఆరోగ్యవరంలో శానటోరియం కట్టారు. మా ఆయన వచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ చెప్పేవారు. ఆ తర్వాత టాగూర్ కథ. 1919లో ఆయన ఇక్కడి బిసెంట్ కాలేజీకి వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి రాసుకున్నది ఇక్కడే అని. నిజమే. కానీ టాగూర్ గారు ఉన్నది కొద్ది రోజులు, అదీ అతిథిగా. ఆయనకు వంట ఎవరు చేశారో, ఎంగిలి పళ్ళేలు ఎవరు కడిగారో మా ఆయన చెప్పే చరిత్రలో ఎక్కడా లేదు.

నా గోడు అక్కడే మొదలు. రిటైర్మెంట్ ఆయనకు. నాకు ట్రాన్స్‌ఫర్, అదీ ప్రమోషన్ లేకుండా. బెంగళూరులో అంట్లకు పనమ్మాయి ఉంది, వీధి చివర దోసెపిండి ప్యాకెట్ దొరుకుతుంది, ఒంట్లో బాగోకపోతే ఆ పూటకు బయటినుంచి ఇడ్లీ తెప్పించుకుంటాం. పల్లెలో అందరూ వరసైనవాళ్ళే. అత్త, వదిన, పిన్నమ్మ. వాళ్ళలో ఎవర్ని అంట్లు తోమడానికి పిలుస్తాం? పిలిస్తే ఊళ్ళో తల ఎత్తుకోగలమా? ఇక చుట్టాలు ఫోన్ చేసి రారు. గేటు చప్పుడైతే గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యడమే. ఆయన అరుగుమీద కూర్చుని "తిని పోండప్పా" అంటారు. పిలుపు ఆయనది, పొయ్యి నాది.

ఇప్పుడు పితికిపప్పు కథ, అదే, నానబెట్టిన అనపగింజల తొక్క పితికి తీసే పప్పు. మీరూ మా వైపువాళ్ళలాగే ఉన్నారు కాబట్టి నోరూరుతుంది, తెలుసు.

2023 సంక్రాంతి దాటిన ఆదివారం. ఆయనతో పనిచేసినవాళ్ళు ఎనిమిది మంది బెంగళూరు నుంచి ఊరు చూడటానికి వస్తామన్నారు. ఈయన వాట్సాప్‌లో మెనూ కూడా పెట్టేశారు: రాగిసంగటి, నాటుకోడి, పితికిపప్పు పులుసు. శుక్రవారం సాయంత్రం మేనల్లుడు అనపకాయల మూట తెచ్చి వసారాలో దించాడు. ప్రేమగానే తెచ్చాడు, కాదనను. ఆ మూటలో రెండు రోజుల పని ఉందని వాడికీ తెలీదు, మామకూ తెలీదు.

శనివారం పొద్దంతా ఒలిచాను. మంచు కురిసిన కాలపు కాయకు ఒక జిడ్డు, ఒక వాసన ఉంటాయి. కన్నడంవాళ్ళు దాన్ని సొగడు అంటారు, అదుంటేనే కాయకు రుచి. ఆ జిడ్డు వేళ్ళకు పట్టుకుంటే సబ్బుతో రుద్దినా వదలదు. రాత్రి గింజలు నీళ్ళలో పోశాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పితకడానికి కూర్చున్నాను. ఒక్కో గింజా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ళ మధ్య మిగులుతుంది. పది గింజలైతే సరదా. పదిమందికి పులుసు కావాలంటే ఎన్ని వందలో ఎవరు లెక్కపెట్టారు! గోళ్ళ సందులు మంట. ఆయన లేచి వచ్చి చూసి, "అబ్బ, ఎంత బాగున్నాయో" అని నాలుగు పప్పులు నోట్లో వేసుకుని పేపరుకు వెళ్ళిపోయారు.

పన్నెండున్నరకు సంగటి. నూక ఉడికాక పిండి గుట్టగా పోసి, మగ్గనిచ్చి, తపేలా కిందికి దించి, రెండు పాదాలతో అదిమిపట్టి తెడ్డుతో కెలకాలి కదా. పదిమంది సంగటి అంటే మాటలు కాదు. నాకప్పుడు అరవై ఒకటి, షుగరు ఉంది, కుడి భుజం అప్పటికి నెల రోజులుగా లాగుతోంది. ఐదో తిప్పో ఆరో తిప్పో, భుజంలో ఏదో పట్టేసింది. తెడ్డు సంగటిలో నిలువుగా నిలబడి ఉంది, నా చెయ్యి మాత్రం లేవడం లేదు. కళ్ళల్లో నీళ్ళు. బయట వసారాలో ఈయన గొంతు వినిపిస్తోంది: "ఇక్కడ ఏం టెన్షన్ ఉంటుంది చెప్పండి."

నీళ్ళ కోసమని వంటింట్లోకి వచ్చిన ఒకాయన నన్ను చూశారు. కర్ణాటకలో మండ్య వైపు మనిషి. చెంబు పక్కన పెట్టి, ప్యాంటు పైకి మడుచుకుని, "జరగండక్కా" అని తెడ్డు అందుకున్నారు. మండ్యవాళ్ళకు ముద్ద అంటే చెప్పాలా, పుట్టినప్పటి నుంచీ అదే తిండి. ఐదు నిమిషాల్లో ఉండ కట్టకుండా కెలికి, చెయ్యి తడుపుకుని, నెయ్యి రాసిన పళ్ళెంలో ముద్దలు చేసి పెట్టారు. చేస్తూ చేస్తూ అడిగారు: "ఏనక్కా, ఇష్టు జనక్కె నీవొబ్బరేనా?" ఇంతమందికి మీరొక్కరేనా అని. మా ఆయన అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. విన్నారు. ఏమీ అనలేదు. ఆ పూట అందరికీ వడ్డించింది ఆయనే, ముప్పై ఐదేళ్ళ కాపురంలో మొదటిసారి.

డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, అంటే భుజం బిగుసుకుపోవడం. షుగరు ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుందట. మూడు వారాలు రోజూ ఫిజియోథెరపీ. మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. టౌనుకు పోను రాను ఆటో మాట్లాడుకుంటే ఫీజు కంటే ఆటో ఎక్కువైంది. ఆ మూడు వారాల్లో ఆయన ఉప్మా నేర్చుకున్నారు. అదే పొద్దున, అదే రాత్రి. నాలుగో రోజు నుంచి మధ్యాహ్నం వాళ్ళక్క ఇంటికి భోజనానికి పోవడం మొదలుపెట్టారు, అది వేరే సంగతి.

ఫ్లాటు మాటకొస్తాను. ఏప్రిల్‌లో ఆయనకు కొత్త హుషారు వచ్చింది. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కొక్కరికి 15 లక్షలున్న పరిమితిని 30 లక్షలు చేశారు, వడ్డీ 8.2 శాతం. ఫ్లాటు అమ్మి ఇద్దరి పేరునా చెరో 30 వేస్తే మూడు నెలలకోసారి 61,500 చొప్పున ఇద్దరికీ వస్తుందని కాయితం మీద లెక్కేసి చూపించారు. లెక్క తప్పు కాదు. కానీ ఆ ఫ్లాటు జాయింటుగా ఉంది, అమ్మాలంటే నా సంతకం కావాలి. పెట్టలేదు. నెల రోజులు ఇంట్లో మాటల్లేవు. ఇలాగే లాభమని ఊళ్ళో టమోటా వేసి ఒకసారి అనుభవించాం, చాలు అన్నాను. మేం అర ఎకరం వేసినప్పుడు కోత కూలీ కూడా రాక చేలోనే వదిలేశాం. 2023 జులైలో కిలో వంద దాటి దేశమంతా టమోటా గురించే మాట్లాడుతున్నప్పుడు మా చేలో గడ్డి ఉంది.

ఆగస్టులో తిరిగొచ్చేశాం. ఫ్లాటు ఉంది కాబట్టి రాగలిగాం. అమ్ముకున్నవాళ్ళను ఇద్దర్ని ఎరుగుదును, ఆ డబ్బుతో ఇప్పుడు అదే ఏరియాలో సింగిల్ బెడ్‌రూమ్ కూడా రాదు. ఇంకో చిన్న గెలుపు చెప్పుకోవాలి. ఊరెళ్ళగానే ఆయన ఆధార్‌లో అడ్రస్ పల్లెకు మార్పించుకున్నారు, నేను మార్చలేదు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటక ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో ఫ్రీ. నేను కార్డు చూపించి కూర్చుంటాను, ఆయన పక్కన నిలబడి చిల్లర వెతుక్కుంటారు. ఇప్పుడు ఆంధ్రాలో కూడా ఫ్రీ వచ్చింది కదా వదినా, వచ్చేయ్ అని ఆడపడుచు ఫోన్‌లో నవ్వుతుంది. ఊరికి బస్సే రెండుసార్లు వచ్చినప్పుడు ఫ్రీ అయితే ఏం, టికెట్టయితే ఏం. ఆ మాటకొస్తే రైల్లో పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీసేశారు. ఆడవాళ్ళకు సగం, మగవాళ్ళకు నలభై శాతం తగ్గేది. కరోనా పోయింది, రాయితీ మాత్రం రాలేదు. దీనిమీద ఎవరూ గట్టిగా అడగరేం?

బెంగళూరు స్వర్గమని అనను. 2024 మార్చిలో మా వీధికి ట్యాంకరు వస్తే పండగలా ఉండేది. తాగేనీళ్ళతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. మా ఆయన రోజూ ఒకసారైనా "ఊళ్ళో మన బోరు..." అని మొదలుపెట్టేవారు. నేను భుజం పట్టుకునేదాన్ని. ఆయన ఆపేసేవారు.

ఇక మీరడిగిన ఊళ్ళు. తిరుపతి వద్దు. అక్కడ ఇల్లు తీసుకుంటే అది ఇల్లు కాదు, సత్రం. దర్శనానికి వచ్చిన ప్రతి చుట్టమూ రాత్రి మీ హాల్లోనే పడుకుంటాడు, వదినగారు తెల్లవారుజామున మూడింటికి కాఫీ పెట్టాలి. కోయంబత్తూరు మేం చూసొచ్చాం, మూడు రోజులు గెస్ట్ రూములో ఉన్నాం. అందరికీ ఒకే భోజనశాల, బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు, గడపలు లేవు, రాత్రిపూట నర్సు. డబ్బు మాత్రం గట్టిగానే అవుతుంది. ప్రతి పూటా సాంబారేనా అని ఆయన మొదటిరోజే మొహం మాడ్చుకున్నారు. నాకా సాంబారు అమృతంలా ఉంది, ఎందుకంటే చేసింది నేను కాదు. పెళ్ళయ్యాక మూడు రోజులు వరసగా పొయ్యి ముట్టించకపోవడం, పురుళ్ళు తప్పిస్తే, అదే మొదలు. నా ఓటు అక్కడికే. ఆయన ఓటు మదనపల్లెకు. అందుకని బెంగళూరులో ఉన్నాం.

మీరు ఎక్కడికైనా వెళ్ళండి, ఫ్లాటు అమ్మకండి, పదకొండు నెలలకు అద్దెకిచ్చి వెళ్ళండి. వెళ్ళేచోట కూడా అద్దెకే ఉండండి, ఒక ఎండాకాలం, ఒక పండగ సీజను గడవనివ్వండి. ఈ ముక్క యూట్యూబ్‌లోనూ చెబుతారు. వాళ్ళు చెప్పనిది ఇది: వదినగారిని మీరు అడగొద్దు. మీరడిగితే "మీ ఇష్టం" అంటుంది, మా తరం ఆడవాళ్ళకు నోట్లో అదే వస్తుంది. మీ అమ్మాయి చేతో, ఆమె స్నేహితురాలి చేతో, మీరు ఇంట్లో లేనప్పుడు అడిగించండి.

మా ఆయన ఇప్పుడు నెలకు పది రోజులు ఒక్కరే ఊరెళ్ళి వస్తున్నారు. హొసకోటె, చింతామణి మీదుగా బస్సు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అరుగుమీద ఉంటారు. సంతోషంగానే ఉన్నారు, నేనూ అంతే. చలికాలం వస్తే ఇక్కడ మా మార్కెట్లో పితికిన పప్పు తూకానికి అమ్ముతారు, హితికిద బేళె అంటారు. అరకిలో తెచ్చుకుంటే ఇద్దరికీ రెండు పూటలు.

నిన్న ఫోన్ చేశారు. సోమవారం వస్తున్నారట, మేనల్లుడు మళ్ళీ కాయల మూట ఇచ్చాడట, తీసుకురానా అని. తెమ్మన్నాను, పితికి తెమ్మన్నాను.