అల్మారాలో ఉన్న బొమ్మల సైన్యం అత్యవసర నిధి కాదు

ప్రశ్న: మేము లీడ్స్‌లో ఉంటున్నాం. నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడున్న కంపెనీలో చేరి 14 నెలలైంది, వీసాకు ఇంకో 14 నెలల గడువు ఉంది. చేతికి నెలకు 3,050 పౌండ్లు వస్తాయి. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, మాకు రెండేళ్ల పాప. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు నెలకు 300 పౌండ్లు పంపుతాను. బ్యాంకులో 900 పౌండ్లున్నాయి. క్రెడిట్ కార్డు మీద 2,100 పౌండ్ల బాకీ ఉంది, వడ్డీ 24.9 శాతం. నాలుగేళ్లుగా వార్‌హామర్ 40,000 అనే, బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో యుద్ధం చేసే ఆట ఆడుతున్నాను. నా దగ్గరున్న మినియేచర్ల (ఆ చిన్న బొమ్మల) విలువ 6,000 పౌండ్ల పైమాటే కాబట్టి, అత్యవసరం వస్తే వాటిని అమ్ముకోవచ్చన్న ధైర్యం ఉంది. మా క్లబ్బులో ఒకాయన ఈ ఆటలోని స్పేస్ మెరీన్, టిరానిడ్ పక్షాలకు చెందిన తన రెండు సైన్యాలను మొత్తంగా 4,000 పౌండ్లకు ఇస్తానంటున్నారు. కొత్తవి కొంటే 8,500 అవుతాయి. మూడేళ్ల పర్సనల్ లోన్ 14.9 శాతానికి వస్తోంది. తీసుకుని, నాకు కావలసినవి ఉంచుకుని, మిగతావి విడివిడిగా ఈబేలో అమ్మితే అసలు తిరిగి వచ్చి లాభం కూడా మిగులుతుందని నా లెక్క. ఈ నెలాఖరులోగా ఆయనకు మాట చెప్పాలి. మీ సలహా ఏమిటి?

జవాబు: ఆ అప్పు తీసుకోవద్దు. ఆయనకు నెలాఖరు దాకా ఆగకుండా ఈ రోజే వద్దని చెప్పండి. మీరు అడిగినదానికి జవాబు ఇంతే అయినా, మీ ఉత్తరంలో అడగకుండానే చెప్పిన ఒక మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. అత్యవసరం వస్తే మినియేచర్లను అమ్ముకోవచ్చన్న ఆ ధైర్యం గురించే ఇంత వివరంగా రాస్తున్నాను. ఊళ్లో ప్లాటు ఉంది కదా అని, బీరువాలో బంగారం ఉంది కదా అని చేతిలో నగదు లేకుండా గడిపే కుటుంబాలు నాకు తరచుగా తారసపడుతుంటాయి. మీ విషయంలో ఆ ప్లాటు స్థానంలో ప్లాస్టిక్ సైన్యం ఉంది, పొరపాటు మాత్రం అదే.

అత్యవసర నిధికి ఉండవలసిన లక్షణం ఒక్కటే: అవసరమైన రోజున, అనుకున్న మొత్తం, ఎవరినీ బతిమాలకుండా చేతికి రావాలి. మీకు రాగల అత్యవసరాలలో అన్నిటికంటే పెద్దది ఉద్యోగం పోవడం. అది జరిగితే కంపెనీ వీసాల సంగతి చూసే హోం ఆఫీసుకు తెలియజేస్తుంది, సాధారణంగా మీ వీసా గడువును 60 రోజులకు కుదిస్తారు. ఆ 60 రోజుల్లో మీరు స్పాన్సర్‌షిప్ ఇచ్చే మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా ఇల్లు ఖాళీ చేసి పాపతో సహా ముగ్గురూ విమానం ఎక్కాలి. ఒకే యజమాని దగ్గర రెండేళ్లు పూర్తి కాలేదు కాబట్టి ఉద్యోగం తీసేసినప్పుడు చట్టప్రకారం దక్కే రిడండెన్సీ పరిహారం మీకు వర్తించదు. మీ వీసా మీద ప్రభుత్వ నిధుల సహాయానికి అర్హత లేదు కనుక యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ భృతులు మీకు రావు. ఇక అనారోగ్యం సంగతి చూస్తే, మీ కంపెనీ ఒప్పందంలో అంతకంటే మెరుగైన ఏర్పాటు లేకపోతే మీకు దక్కే స్టాట్యుటరీ సిక్ పే 2025-26 లెక్కన వారానికి 118.75 పౌండ్లు, అదీ 28 వారాల వరకే. మీ ఇంటి అద్దె ఒక్కటే నెలకు 1,050 పౌండ్లని మీరు పంపిన పట్టికలో ఉంది.

ఇప్పుడు ఆ 60 రోజుల్లో మీరు సైన్యాన్ని అమ్ముతున్నట్లు ఊహించండి. ఇంటర్వ్యూల మధ్య 300 బొమ్మలను ఫొటోలు తీయాలి, బల్లేలూ తుపాకులూ విరగకుండా ఒక్కొక్కటీ చుట్టి పోస్టులో వేయాలి, దారిలో విరిగినవాటికి డబ్బు వెనక్కి ఇవ్వాలి. అంత ఓపిక లేక మొత్తం ఒకేసారి అమ్మాలనుకుంటే, కొనేవాడికి మీ తొందర అర్థమైపోతుంది. మీరు కట్టిన 6,000 విలువ కొత్త పెట్టెల ధరలు కూడి చెప్పినదే కానీ, ఎవరైనా ఇస్తామన్న ధర కాదు. స్వతంత్ర దుకాణాలు కొత్త పెట్టెలనే తయారీదారు ధర మీద 15 నుంచి 20 శాతం తగ్గించి అమ్ముతుంటే, జిగురుతో అతికించి మీ అభిరుచికి తగ్గట్టు రంగులు వేసిన బొమ్మకు పూర్తి ధర ఎవరు పెడతారు? మీరు ఒక్కో బొమ్మ మీద మూడు సాయంత్రాలు వెచ్చించి ఉండవచ్చు. అయితే కొనేవారిలో చాలామంది ఆ రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి కడిగేసి తమ రంగు వేసుకునేవారే. మంచి చేయి తిరిగిన చిత్రకారుల పనికి తప్ప, రంగు వేసినందుకు ధర పెరగడం అరుదు, తగ్గడమే ఎక్కువ.

క్లబ్బు సభ్యుడి బేరం కూడా ఇదే తూకానికి నిలవదు. ఆ రెండు సైన్యాలూ మార్కెట్‌లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేవి. 2023లో ఆట నియమాల పదో ఎడిషన్‌తో పాటు వచ్చిన లెవయాథన్ పెట్టెను గుర్తు తెచ్చుకోండి: 150 పౌండ్లకు 72 బొమ్మలు, అవన్నీ స్పేస్ మెరీన్లూ టిరానిడ్లే. ఆ పెట్టెను కొన్న ఎంతోమంది తమకు కావలసిన సగం ఉంచుకుని మిగతా సగాన్ని అమ్మేశారు. పైగా 2017లో ప్రైమరిస్ మెరీన్లు అనే పెద్ద సైజు కొత్త బొమ్మలు వచ్చాక పాత చిన్న సైజు మెరీన్లకు గిరాకీ పడిపోయింది. పదో ఎడిషన్‌లో వాటిలో చాలా యూనిట్లు టోర్నమెంట్లలో సాధారణంగా వాడని పాత బొమ్మల లెజెండ్స్ జాబితాలోకి పోయాయి, అంటే టోర్నమెంట్ ఆడేవారు వాటిని కొనరు. 2017, 2020, 2023 సంవత్సరాల్లో కొత్త ఎడిషన్లు వచ్చిన తీరు మీకు నాకంటే బాగా తెలుసు. ప్రతిసారీ పాత నియమాల పుస్తకాలు చిత్తుకాగితాలతో సమానమవుతాయి, మధ్యమధ్యలో ఆటలో ఒక్కో యూనిట్‌కు కట్టే పాయింట్లు మారినప్పుడల్లా నిన్న అందరూ వెతికిన యూనిట్ ఇవాళ అడిగే దిక్కు లేకుండా పోతుంది. ఇలాంటి సరుకును మూడేళ్ల అప్పుతో కొనడం మదుపు అనిపించుకోదు.

అప్పు లెక్క కూడా చూద్దాం. 4,000 పౌండ్లను 14.9 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 137 పౌండ్లు కట్టాలి, మొత్తం సుమారు 4,920. అంటే కొన్న రోజే మీరు 920 పౌండ్ల వెనుక నిలబడి ఉంటారు. ఇప్పటికే కార్డు మీద ఉన్న 2,100కు నెలకు 39 పౌండ్ల దాకా వడ్డీయే పోతోంది. అప్పు మీద అప్పు చేసి, అమ్ముడవుతాయో లేదో తెలియని బొమ్మల మీద పెట్టడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను.

అన్నిటినీ మించిన అడ్డంకి మరొకటి ఉంది, దాన్ని మీరు అసలు ప్రస్తావించలేదు. సొంత వస్తువులను వదిలించుకోవడానికి అమ్ముకోవడం ఒక సంగతి, లాభానికి కొని అమ్మడం వ్యాపారం. స్కిల్డ్ వర్కర్ వీసా షరతులు స్వయం ఉపాధిని అనుమతించవు, అదనపు ఉద్యోగానికి ఉన్న వెసులుబాటు సొంత వ్యాపారానికి వర్తించదు. 2024 నుంచి ఆన్‌లైన్ వేదికలు ఏడాదికి 30 అమ్మకాలు గానీ, సుమారు 1,700 పౌండ్ల రాబడి గానీ దాటిన అమ్మకందారుల వివరాలను పన్నుల శాఖ అయిన హెచ్‌ఎంఆర్‌సీకి పంపుతున్నాయి కూడా. కొన్ని వందల పౌండ్ల లాభం కోసం కుటుంబం మొత్తం ఆధారపడిన వీసాను పణంగా పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇందులో ఏ సందేహమున్నా అడగవలసింది అర్హత గల ఇమ్మిగ్రేషన్ సలహాదారునే, క్లబ్బులో స్నేహితులను కాదు.

ఇక మీ ఖర్చుల పట్టిక. అద్దె, కౌన్సిల్ టాక్స్, కరెంటు, గ్యాస్, నీళ్లు, ఇంటర్నెట్, సరుకులు, ప్రయాణం, అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి 2,290 పౌండ్లు. మిగలవలసింది 760. హాబీకి నెలకు ‘వంద దాకా’ అవుతుందని రాశారు, కానీ మీరు జతచేసిన కార్డు స్టేట్‌మెంట్లలో గత నాలుగు నెలలకు 1,460 పౌండ్లు ఉంది, అంటే నెలకు 365. ఎందుకింత తేడా వచ్చిందో వరసలు చూస్తే తెలుస్తుంది. పెద్ద పెట్టెలు మీకు గుర్తున్నాయి. గుర్తులేనివి రంగు సీసాలు, ప్రైమర్ స్ప్రే డబ్బాలు, బ్రష్షులు, కొత్త కోడెక్స్ (ఒక సైన్యం నియమాల పుస్తకం), శనివారం పొద్దున పది గంటలకు ప్రీ ఆర్డర్ తెరవగానే అయిపోతుందేమోనన్న ఆదుర్దాలో కొన్నవి. వాటిలో రెండు ఆర్డర్లను ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ వాయిదాల్లో పెట్టారు, ఇంకా 260 పౌండ్లు కట్టాలి. రెండేళ్ల పాప ఉన్న ఇంట్లో బొమ్మల కోసం వాయిదాలు కట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు, ఆ ఖాతాను ఆ బాకీ తీరగానే మూసేయండి.

హాబీని మానమని నేను అనడం లేదు. కొత్త ఊళ్లో వారానికి ఒక సాయంత్రం బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే నలుగురు దొరకడం చిన్న విషయం కాదు. నెలకు 60 పౌండ్లు నగదుగా కేటాయించండి, ఆ నెల అది అయిపోతే మళ్లీ నెల దాకా ఏమీ కొనవద్దు. రంగు వేయని బొమ్మలు 180 దాకా ఉన్నాయని మీరే రాశారు కాబట్టి ఏడాదిపాటు పెట్టె కొనకపోయినా బ్రష్షుకు పని ఉంటుంది. 2,000 పాయింట్ల సైన్యం కావాలనుకోకుండా పది పన్నెండు బొమ్మలతో ముగిసే కిల్ టీమ్ అనే చిన్న ఆట ఆడితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. తెరవని పెట్టెలు 11 ఉన్నాయన్నారు, మీ సైన్యంలో మంచి ధర పలికేవి అవే. ఈ నెలే వాటిని అమ్మండి. అవి మీ సొంత వస్తువులు, వదిలించుకోవడానికి అమ్ముతున్నారు, కాబట్టి పైన చెప్పిన వ్యాపారం చిక్కు వీటికి లేదు.

ఇలా చేస్తే నెలకు 700 పౌండ్లు చేతిలో ఉంటాయి. బ్యాంకులో ఉన్న 900ను ముట్టుకోకండి. మొదట వాయిదాల బాకీ, ఆపై కార్డు బాకీ తీర్చండి. నాలుగో నెలలో కార్డు ఖాళీ అవుతుంది, పెట్టెలు అమ్మిన డబ్బు కలిస్తే ఇంకా ముందే అవుతుంది. ఆ తర్వాత మిగిలే పది నెలల పొదుపు ఏడు వేల పౌండ్లు. ఎక్కువే అనిపించవచ్చు కానీ, 14 నెలల తర్వాత వీసా పొడిగించుకునేటప్పుడు ప్రభుత్వ వైద్యం వాడుకునేందుకు కట్టే ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి పెద్దలకు ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్ల చొప్పున ముందుగానే కట్టాలి. మీ వంతు కంపెనీ కట్టినా, మూడేళ్లకు మీ భార్యకు 3,105, పాపకు 2,328, కలిపి 5,433 మీ మీద పడుతుంది, దరఖాస్తు రుసుములు వేరే. తెలిసిన ఖర్చుకు అత్యవసర నిధి నుంచి తీయకూడదు కాబట్టి రెండు ఖాతాలు తెరవండి: ఒకటి వీసాకు, రెండోది అత్యవసరానికి. రెండోదానిలో మొదటి మజిలీ మూడు నెలల ఖర్చు, అంటే 6,870, చివరి లక్ష్యం ఆరు నెలలది, అంటే 13,740. ఇప్పటి ఆదాయంతో వీసా పొడిగింపు నాటికి మొదటి మజిలీ కూడా అందదు. అందుకే ఆ 4,000 అప్పు మాట వినగానే నాకు అంత కోపం వచ్చింది.

ఆ డబ్బు ఎప్పుడైనా తీసుకోగలిగే మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. గుంటూరులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం, స్థలం కొనడం ఈ అవసరానికి పనికిరావు. డిపెండెంట్ వీసా మీద మీ భార్య ఉద్యోగం చేయవచ్చు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, పాప నర్సరీ ఖర్చు పోగా మిగిలేది ఎంతో లెక్క వేయండి. టర్మ్ ఇన్సూరెన్స్ లేకపోతే ఈ నెలే తీసుకోండి, అనారోగ్యంతో పని చేయలేనప్పుడు ఆదాయం ఇచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ బీమా సంగతి, కార్డు బాకీ తీరాక చూడవచ్చు. రాబడి మీద పన్ను లేని ఐఎస్‌ఏ ఖాతాలో షేర్ల మదుపు గురించి కూడా అడిగారు. మూడు నెలల ఖర్చు ఖాతాలో పడిన తర్వాత మళ్లీ రాయండి, అప్పుడు చెబుతాను. జీతం పడిన మరుసటి రోజే 700 పౌండ్లు వేరే ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టడం మాత్రం ఈ వారంలోనే పూర్తి చేయండి.