ఇంజిన్ అరిగితే వారంటీ పనికొస్తుందా?

ప్రశ్న: చెన్నైలో 2007 మోడల్ పోర్షే కేమన్ ఎస్ ఒకటి బేరం కుదిరేట్టుంది. 3.4 లీటర్ల ఇంజిన్. డీలరు ఏడాది వారంటీ ఇప్పిస్తానంటున్నాడు. అది పోర్షే వాళ్లది కాదు, బయటి సంస్థది. ‘ఇంజిన్ మొత్తం కవరవుతుంది సార్’ అంటున్నాడు. ఇంజిన్ అరిగి ఆయిల్ తాగడం మొదలెడితే రిపేరు ఖర్చు ఇస్తారా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: దాదాపుగా ఇవ్వరు. ఈ వారంటీల్లో కవరయ్యేది ‘మెకానికల్ బ్రేక్‌డౌన్’. అంటే, బాగా నడుస్తున్న భాగం ఉన్నట్టుండి విరగడమో పట్టేయడమో జరగాలి. పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు, బేరింగ్ షెల్స్ (షాఫ్టు తిరిగే చోట ఉండే లోహపు పొరలు) కొద్దికొద్దిగా అరగడాన్ని ‘వేర్ అండ్ టేర్’ అని మినహాయింపుల్లో పడేస్తారు. ‘ఇంజిన్’ అనే మాట మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉంటుంది, ఈ మినహాయింపు లోపలి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. డీలరు నోటిమాట పక్కనబెట్టి ఆ పేజీ అడిగి తీసుకోండి.

మీ కారు విషయంలో భయం ఊరికే కాదు. ఆ ఇంజిన్లో సిలిండర్లకు ఇనుప స్లీవులు (లోపలి తొడుగులు) ఉండవు, సిలికాన్ కలిసిన అల్యూమినియం గోడ మీదే పిస్టన్ ఆడుతుంది. పిస్టన్ పూత లేచిపోతే గోడ మీద నిలువు గీతలు పడతాయి. దీన్ని బోర్ స్కోరింగ్ అంటారు, ఆ తరం 3.4, 3.8 లీటర్ల ఇంజిన్లకు బాగా తెలిసిన జబ్బు. ఆయిల్ తగ్గడం, పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ శబ్దం, సైలెన్సర్ గొట్టంలో మసి, ఇలా మెల్లగా బయటపడుతుంది. మెల్లగా రావడమే క్లెయిముకు దెబ్బ. వారంటీ సంస్థ పంపే ఇన్‌స్పెక్టర్ ఆ గీతలు చూసి ‘క్రమేణా అరుగుదల’ అనో, ‘వారంటీకి ముందే ఉన్న లోపం’ అనో రాస్తాడు. ఏది రాసినా డబ్బు రాదు. అదే ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఇంజిన్ లోపల క్యామ్‌షాఫ్టులను తిప్పే మధ్య షాఫ్టు) బేరింగ్ కారు నడుస్తుండగా పగిలితే బ్రేక్‌డౌన్ అని వాదించవచ్చు, ఆ భాగం పేరు కవరయ్యే జాబితాలో ఉంటేనే.

అందుకే వారంటీ డబ్బుకన్నా ముందు తనిఖీకి ఖర్చు పెట్టండి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే నమ్మొద్దు, గీతలున్నా అంకెలు బాగానే రావచ్చు. ఆయిల్ దించి, అడుగున సంప్ (ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి, బోరోస్కోప్‌తో (సన్నటి గొట్టం కెమెరాతో) 6 సిలిండర్ల కింది భాగం చూపించమనండి. ప్లగ్ రంధ్రంలోంచి చూస్తే అడుగు గోడలు సరిగా కనబడవు. దించిన పాత ఆయిల్ ల్యాబ్‌కు పంపితే అల్యూమినియం, ఇనుము ఎంతున్నాయో తెలుస్తుంది. సిలికాన్ ఎక్కువగా వస్తే దుమ్ము లోపలికి పోతోందనో, సిలిండర్ గోడే అరుగుతోందనో అనుమానించాలి. మీ ఊళ్లో క్వారీల రాతి పొడికి ఎయిర్ ఫిల్టర్ గడువుకు ముందే మార్చి, బిల్లు దాచుకోండి. లేకపోతే ‘నిర్వహణ లోపం’ అనే సాకు దొరుకుతుంది.

వారంటీ తీసుకుంటే ఒక్కో క్లెయిముకు గరిష్ఠంగా ఎంతిస్తారో చూడండి. ఈ ఇంజిన్ రీబిల్డ్ (మొత్తం విప్పి మళ్లీ కట్టడం) ఖర్చు ముందు చాలా ప్లాన్ల పరిమితి ఏమూలకూ రాదు. ఇంజిన్ విప్పే కూలి కూడా క్లెయిము ఒప్పుకునేదాకా మీదే. ఈసీయూ రీమ్యాప్ చేసి ఉంటే, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి ఉంటే, ఆశ వదులుకోవాల్సిందే. ఆయిల్ లైటు వెలిగితే అక్కడే ఆపి, టోయింగ్ చేయించండి. వారంటీ సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి రాకముందు మెకానిక్‌ను ఒక్క బోల్టూ విప్పనివ్వొద్దు.

ప్రశ్న: నాకు వారంటీ అమ్మిన సంస్థ చెన్నైలో ఉంది. గేర్‌బాక్స్ క్లెయిము తోసిపుచ్చింది. కేసు వేయాలంటే చెన్నై తిరగాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: అక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. వారంటీకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫిర్యాదు చేయండి. ఏ షరతు కింద కాదన్నారో ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, మార్చిన పాత భాగాలను గ్యారేజీలో వదిలెయ్యకండి.