వైఫై తెగుతోందా చిట్టీ, రూటర్ కొనకు

చిట్టీ,

ముందు ఆ కొత్త రూటర్ ఆర్డర్ ఆపు. నీ తొందర నాకు తెలుసు కాబట్టి మొదటే చెప్తున్నాను. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే ల్యాప్‌టాప్‌లో వైఫై తెగుతోందని, ఫోన్లో మాత్రం అదే వైఫై మీద వీడియోలు బాగానే వస్తున్నాయని నువ్వే రాశావు. జవాబు సగం అందులోనే ఉంది. రూటర్ చెడితే ఫోనుకీ తెగాలిగా!

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో 20 ఏళ్లు కంప్యూటర్లు విప్పి బిగించాను. నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటికి రోగం కన్నా వైద్యమే ఎక్కువైపోయి ఉండేది. వీడియో చూసి ఒకేసారి ఆరు సెట్టింగులు మార్చేస్తారు. తర్వాత ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలీదు. నేనూ ఏం తక్కువ తినలేదులే. ఒకాయన ల్యాప్‌టాప్‌లో ముందూ వెనకా చూడకుండా నెట్‌వర్క్ రీసెట్ నొక్కేశాను. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి, ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ కూడా పనిచేయలేదు. ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది. అందుకే రీసెట్ అన్నిటికన్నా చివర.

ముందు తెగుతున్నది ఎక్కడో పట్టుకో. కమాండ్ ప్రాంప్ట్ (ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు కనిపిస్తుంది. చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. అదే మీ రూటర్. ఆ నల్ల కిటికీలు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రూటర్‌కి, రెండోదాంట్లో బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ (ping) పెట్టు, అంటే 'ఉన్నావా' అని పిలుస్తూ ఉండటం. నంబరు చివర ఖాళీ వదిలి అడ్డగీత, టి అక్షరం (-t) కొడితే ఆగకుండా నడుస్తుంది. ఇక నీ పని నువ్వు చేసుకో. వైఫై తెగినప్పుడు 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని ఎక్కడ పడిందో చూడు. రెండిట్లోనూ పడితే గొడవ ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య. రూటర్ 3, 4 మిల్లీసెకన్లలో పలుకుతూ 8.8.8.8 ఒక్కటే పలకకపోతే తప్పు బయటి లైన్లో ఉంది, కేబుల్ అబ్బాయికి ఫోన్ చెయ్యి. రెండూ పలుకుతున్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్, అంటే సైటు పేరుని నంబరుగా మార్చే ఏర్పాటు, చూడాలి.

నీది మొదటి రకమే అనుకుంటున్నాను. అప్‌డేట్‌తో పాటు వైఫై డ్రైవర్, అంటే ల్యాప్‌టాప్‌లో వైఫై భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, మారి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ ట్యాబ్‌లో ఉన్న తేదీ, వెర్షన్ కాగితం మీద రాసుకో. రాసుకోమంటే నిజంగానే రాసుకో, గుర్తుంటుందిలే అనుకోకు. ఆ తర్వాత రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కు. ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదని అర్థం. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో నీ మోడల్ నంబరు వెతికి, అక్కడున్న డ్రైవర్ దించుకో. మధ్యలో నెట్ పోతే ఎలా అంటావా? బావిలోకి దిగేముందు తాడు కట్టుకున్నట్టు, ఫోన్ కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి పెట్టుకో.

అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసెయ్. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు, టెన్షన్ పడకు.

నీ గదికీ హాలుకీ మధ్య రెండు గోడలున్నాయి కదా. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటలేక నీరసపడుతుంది. రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లకీ ఒకటే పేరుంటే ల్యాప్‌టాప్ అటూ ఇటూ ఊగుతుంది. వేరు వేరు పేర్లు పెట్టి, ఒక రోజు 2.4 మీదే నడిపి చూడు. వేగం తగ్గుతుంది గానీ మీటింగులకి చాలు.

ఒక మార్పు చేశాక కనీసం ఒక పూటైనా ఆగి, తర్వాతే రెండోది ముట్టుకో. పాత డ్రైవర్‌తో కుదిరితే అప్‌డేట్లు కొన్నాళ్లు పాజ్‌లో పెట్టు, లేకపోతే అదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పెద్ద అప్‌డేటే అయితే మొత్తంగా పాత వెర్షన్‌కి వెళ్లడానికి మామూలుగా 10 రోజులే గడువు. నీకు ఇప్పటికే ఆరు రోజులు అయిపోయాయి.

డ్రైవర్ తేదీ, వెర్షన్, పింగ్ తెగినప్పటి తెర, మూడూ ఫోటో తీసి ఈ రాత్రికి పంపు. తొమ్మిదింటి దాకా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య