పాఠకుల ప్రశ్నలు: క్లాసుల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా విద్యార్థులకు పైథాన్ బోధిస్తున్నాను. ఫంక్షన్లు, లిస్టులు, డిక్షనరీల వరకు చక్కగా సాగిన పిల్లలు క్లాసుల (డేటానూ దానిపై పనిచేసే ఫంక్షన్లనూ కలిపి ఉంచే అచ్చుల) దగ్గరకు రాగానే ఆగిపోతున్నారు. ఎన్‌క్యాప్సులేషన్, పాలీమార్ఫిజం నిర్వచనాలు గడగడా అప్పజెబుతారు గానీ, సొంతంగా ఒక క్లాసు రాయమంటే రాయలేరు. పైథాన్ అధికారిక ట్యుటోరియల్ చదవమంటే మరింత బెదిరిపోయారు. వారి కోసం తెలుగులో నోట్సు తయారుచేయదలచాను. అది ఎలా ఉంటే బాగుంటుంది?
– ఒక అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: మీ విద్యార్థులు బెదిరిపోవడంలో వింత లేదు. ఆ ట్యుటోరియల్‌ను పైథాన్‌కు కొత్తవారైన ప్రోగ్రామర్ల కోసం రాశారే తప్ప, ప్రోగ్రామింగ్‌కే కొత్తవారి కోసం రాయలేదు. అందులోని 9వ అధ్యాయం నేమ్‌స్పేసులు, స్కోపుల (ఏ పేరు ఎక్కడ చెల్లుతుందనే నియమాల) చర్చ ముగిశాక గానీ మొదటి క్లాసును చూపించదు. సీ ప్లస్ ప్లస్ వంటి భాష నేర్చి వచ్చినవారికి ఆ వరస సబబే కావచ్చు. క్లాసు ఎందుకో ఇంకా తెలియని విద్యార్థికి మాత్రం అది ఆకలి వేయకముందే వడ్డించిన విస్తరి. మన కళాశాలల్లో ‘ఊప్స్’ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) పేరిట సాగే పాఠాలు ఎన్‌క్యాప్సులేషన్, పాలీమార్ఫిజం వంటి నాలుగు మూలస్తంభాల నిర్వచనాలతో మొదలై ఇంటర్వ్యూ ప్రశ్నలతో ముగుస్తాయి కనుక, వాటి వల్లా ఈ లోటు తీరదు.

అందువల్ల మీ నోట్సు మొదటి పేజీల్లో క్లాసు ఊసే ఎత్తవద్దని నా సలహా. డ్వాక్రా సంఘం పొదుపు లెక్కను ఉదాహరణగా తీసుకోండి. సభ్యురాలి పేరును, ఆమె కట్టిన వాయిదాలను ఒక డిక్షనరీలో పెట్టించి, జమ చేయడానికి ఒకటి, నిల్వ చెప్పడానికి ఒకటి, అప్పు ఇవ్వడానికి ఒకటి చొప్పున మామూలు ఫంక్షన్లు రాయించండి. ఏ ఫంక్షన్‌ను పిలిచినా మొదటి ఆర్గ్యుమెంటుగా ఆ డిక్షనరీనే అందించవలసి వస్తోందని విద్యార్థి తనంతట తానే గమనిస్తాడు. అప్పుడు అదే ప్రోగ్రామును ‘ఖాతా’ అనే క్లాసుగా తిరగరాసి, పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ పక్కపక్కన అచ్చువేయండి. అంతవరకు చేత్తో అందించిన డిక్షనరీ స్థానంలోకే, మెథడ్‌కు (క్లాసు లోపలి ఫంక్షన్‌కు) మొదటి ఆర్గ్యుమెంటుగా రాసే సెల్ఫ్ వచ్చి కూర్చుందని కంటికి కనిపించాక, దానికి నిర్వచనం రాయడం తేలిక.

సెల్ఫ్ దగ్గర మాత్రం ఎన్ని పేజీలైనా వెచ్చించండి, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. ఖాతా క్లాసు నుంచి తయారుచేసిన ‘లక్ష్మి’ అనే ఆబ్జెక్ట్ పేరు పక్కన చుక్క పెట్టి, జమ మెథడ్‌ను 500తో పిలిస్తే, పైథాన్ ఆ పనిని ఖాతా క్లాసులోని జమ ఫంక్షన్‌కు లక్ష్మి, 500 అనే రెండు విలువలు ఇచ్చి పిలిచినట్లుగానే నడుపుతుంది. ఈ రెండో పద్ధతిలో రాసినా ప్రోగ్రాము నిక్షేపంగా పనిచేస్తుంది కనుక, రెండింటినీ విద్యార్థి చేతనే టైపు చేయించండి. ఆ తరువాత, కావాలనే సెల్ఫ్ లేకుండా నిల్వ మెథడ్ రాయించి నడపమనండి. ‘టేక్స్ 0 పొజిషనల్ ఆర్గ్యుమెంట్స్ బట్ 1 వజ్ గివెన్’ అని ఎర్రర్ వస్తుంది. బ్రాకెట్లలో ఏమీ ఇవ్వకపోయినా ఆ ఒకటి ఎక్కడినుంచి వచ్చిందనే ప్రశ్న తరగతిలో పుట్టి తీరుతుంది. దానికి జవాబు చెప్పగలిగిన విద్యార్థికి సెల్ఫ్ అర్థమైనట్లే. ఎర్రర్లను దాచిపెట్టి, అన్నీ సవ్యంగా నడిచే ఉదాహరణలనే చూపించే నోట్సు పరీక్షకు పనికివస్తుందేమో గానీ ల్యాబులో అక్కరకు రాదు.

ఇదే తీరున చూపించదగిన పొరపాటు మరొకటి ఉంది. వాయిదాల ఖాళీ లిస్టును, ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఇనిట్ మెథడ్ లోపల సెల్ఫ్‌కు తగిలించకుండా నేరుగా క్లాసు కింద రాస్తే, ఆ లిస్టు ఆబ్జెక్టులన్నింటికీ ఉమ్మడి అవుతుంది. లక్ష్మి కట్టిన 500 రూపాయలు మరో సభ్యురాలు సరోజ ఖాతాలోనూ కనిపిస్తాయి. ఎర్రర్ ఏదీ రాదు కనుక ఈ తప్పు మరింత ప్రమాదకరం. క్లాసుకు చెందిన విలువకూ, ఆబ్జెక్టుకు చెందిన విలువకూ తేడా ఏమిటో ఇక్కడే వివరించవచ్చు.

ఇక నోట్సు అమరిక గురించి ఒక మాట. ఇందుకు పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష అనుభవం చూడండి. పెర్ల్ భాషకు 1994లో వచ్చిన 5వ వెర్షన్‌తో ఆబ్జెక్టులు వచ్చాయి. ఆ పైన పెర్ల్‌బూట్, పెర్ల్‌టూట్, పెర్ల్‌టూక్, పెర్ల్‌బాట్ అనే నాలుగు బోధనా పత్రాలు చేరడంతో, ఏది ముందు చదవాలో కొత్తవారికి తెలియని పరిస్థితి ఏర్పడింది. 2012లో వచ్చిన 5.16 వెర్షన్‌లో ఆ నాలుగింటినీ తొలగించి, ముందు మౌలిక భావనలు చెప్పి, ఆ పైన సీపాన్ అనే పెర్ల్ మాడ్యూళ్ల భాండాగారంలోని మూస్ వంటి సిద్ధమైన మాడ్యూళ్ల వైపు నడిపించే ఒకే ట్యుటోరియల్‌ను చేర్చారు. బ్లెస్ (డేటాను ఒక క్లాసుకు చెందిన ఆబ్జెక్టుగా మార్చే ఫంక్షన్) వంటి లోపలి వివరాల కోసం పెర్ల్‌ఆబ్జ్ అనే రిఫరెన్సు పత్రాన్ని తిరగరాశారు. ఎవరో శ్రమపడి రాసిన పేజీలను తీసివేయడానికి మనసొప్పదు, అయినా ఆ పని చేశారు. మీరు కూడా నేర్చుకునే పాఠాన్నీ వెతుక్కునే రిఫరెన్సునూ వేర్వేరు పుస్తకాలుగా ఉంచండి. ప్రాపర్టీలు, స్టాటిక్ మెథడ్లు, మెటాక్లాసులు వంటి లోతైన అంశాలు రెండోదానిలో ఉంటే చాలు.

ప్రశ్న: ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు గుణాలను మరో క్లాసు వారసత్వంగా పొందడం) అనగానే ప్రతి పాఠంలోనూ జంతువు, కుక్క, పిల్లి ఉదాహరణలే కనిపిస్తాయి. ప్రోగ్రాములో అది నిజంగా ఉపయోగపడే చోటు ఏదైనా కొత్తవారికి చూపించవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తప్పకుండా చూపించవచ్చు. పైథాన్‌లో ఎర్రర్లను సూచించే ఎక్సెప్షన్లే అందుకు సిద్ధంగా ఉన్న ఉదాహరణ. లేని ఫైలును తెరవబోతే వచ్చే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ అనే క్లాసు ఓఎస్‌ఎర్రర్‌కు సబ్‌క్లాస్, అంటే దాని నుంచి వారసత్వం పొందిన క్లాసు. అందువల్ల ఎర్రర్‌ను పట్టుకునే ఎక్సెప్ట్ పక్కన ఓఎస్‌ఎర్రర్ అని రాసినా అది పట్టుబడుతుంది. పై జవాబులోని పొదుపు ఖాతాలో నిల్వకు మించి డబ్బు తీయబోయినప్పుడు ఇవ్వడానికి, ఎక్సెప్షన్‌ను మాతృక్లాసుగా తీసుకుని, లోపల పాస్ అని మాత్రమే రాసి, రెండు వరుసల్లో మీ సొంత ఎర్రర్ క్లాసు తయారుచేయండి. దానిని రెయిజ్ చేసి, ఒకసారి దాని పేరుతోనూ, మరోసారి ఎక్సెప్షన్ పేరుతోనూ పట్టుకుని చూడండి.